ఏడో బావిలో గాలి నిండుకుంది

శుద్ధ త్రయోదశి, ఉదయం, ఆటు వేళ

పైకొచ్చేసింది! మా నూకరత్నం పైకొచ్చేసింది! పెట్టె తలుపు తీశారు, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తనంతట తానే నడిచొచ్చి నా ముందు నిలబడి, "నాన్నా, ఆకలేస్తంది" అంది. ఇంతకంటే ఏం కావాలండీ మనిషికి! ఏ దేవుడికి మొక్కాలో తెలియక అందరికీ మొక్కేశాను. క్రేన్‌కి కూడా మొక్కాను.

గట్టు మీద ఒక ఆచారం ఉంది. పైమనిషి రాసే చిట్టాలో మొదటి పేజీ ఖాళీగా వదిలేస్తారు. కిందికి దిగిన మనిషి క్షేమంగా వస్తే ఆ కబురు అక్కడ రాయాలి. ఆ పేజీ ఖాళీగానే ఉండిపోయిన చిట్టాలు ఆఫీసు బీరువాలో బోలెడున్నాయి. నాది రాసేశాను. చూడండి, ఎంత పెద్ద అక్షరాలో!

ఐదో బావి దగ్గర కూర్చునే కాసులు బెల్లం ముక్క తెచ్చి నా నోట్లో పెట్టింది. తీపి తెలియలేదు. రెండో ముక్క కూడా తిన్నాను. చాలా ఆనందంగా ఉంది. ఒళ్ళు మాత్రం తిమ్మిరెక్కిన కాలులాగా ఉంది.

కింద ఉన్నవి ఏ రోజువి ఆ రోజు రాసినవే. ఏదీ దిద్దలేదు.

శుద్ధ షష్ఠి, ఉదయం

ఈ వేళ మా అమ్మాయి ఏడో బావిలోకి దిగింది. ఆ నడక, ఆ టోపీ, ఆ చెయ్యి ఊపడం! చూడ్డానికి రెండు కళ్ళు చాలలేదు. నేను చదివింది నాలుగో తరగతి. నా కడుపున పుట్టిన పిల్ల సముద్రం అడుగున పునాది వేస్తోంది. మా తాత సముద్రానికి అడ్డంగా ఈ గట్టు మొదలెట్టాడు, మా నాన్న మోశాడు, నేను మేస్త్రినై కట్టాను. గట్టు ఎంత ముందుకు సాగితే మా ఇళ్ళూ అంత ముందుకు జరుగుతున్నాయి. నీళ్ళ కింద మునిగిపోయిన లంకలు ఏదో ఒక రోజు బయటపడితే, ఆ మట్టి మీద మొదట కాలు పెట్టేది రత్నమే అని నా నమ్మకం.

బావులంటే తోడుకునే బావులు కావు. గట్టుకి కాళ్ళలాంటివి. సముద్రం అడుగుదాకా దించిన గుండ్రటి కాంక్రీటు గొట్టాలు. కింద యంత్రాలు పని చేస్తాయి, వాటిని చూసుకోవడానికి బావికి ఒక మనిషి దిగుతుంది. పైన ఆ మనిషి రక్తసంబంధీకుల్లో ఒకరు కూర్చోవాలి. ఆ కూర్చున్నవాడే పైమనిషి. గాలి పంపమన్నా ఆపమన్నా అతని మాటే చెల్లుతుంది, ఆఫీసు మాట చెల్లదు. ఆఫీసుకి వందమంది, పైమనిషికి ఒక్కరే కదా. అందుకని.

నా ముందు రబ్బరు తిత్తి ఉంది. రత్నం గాలి అందులోంచే కిందికి వెళుతుంది. ఉప్పుగాలికి ఏ మీటరూ ఆగదు గనక మాకు తిత్తే మీటరు. వాలితే బోర్డు మీద "నిండుకుంది" అని రాస్తాను. మావయ్య మిషను తిప్పి మళ్ళీ నింపుతాడు.

మావయ్యంటే మా పాత కంప్యూటరు. సిమెంటు, క్రేన్లు, తూములు, గాలి అన్నీ వాడి చేతిలోనే. నాతోపాటే పనిలో చేరాడు. మా మాట మాకంటే బాగా వాడికే తెలుసు.

మా ఆవిడ పెద్దమ్మాయి పురిటికని రెండో గట్టుకి వెళ్ళింది. కూర నేనే వండుకున్నాను. ఉప్పెక్కువైంది. అయినా అమృతంలా ఉంది!

శుద్ధ సప్తమి, మధ్యాహ్నం

రేకుల షెడ్డులో మీటింగు పెట్టారు. మావయ్యని దించేసి కొత్త కంప్యూటరు పెట్టడం ఎప్పుడా అని. కొత్తది వచ్చి పెట్టెల్లో కూర్చుని ఉంది. దానికి చల్లగాలి కావాలి, దుమ్ము పడకూడదు, గట్టిగా మాట్లాడకూడదు. అందుకని అందరం "కొత్తల్లుడు" అంటున్నాం.

మా సైటు మేనేజరు ఫణి గారు నెమ్మదస్తుడు. "మావయ్య సంగతి మీకందరికీ తెలుసు. ఈ పొద్దున్న మళ్ళీ అబ్బులు గారిని పనికి రమ్మని పిలిచాడు" అన్నాడు.

అబ్బులు పోయి చాలా కాలమైంది.

"పిలిస్తే పిలిచాడు, ఒకవేళ వస్తే రోజుకూలీ ఎవరిస్తారండీ?" అంది కాసులు. ఐదో బావికి పైమనిషి ఆవిడ. కింద ఆవిడ మొగుడు. షెడ్డంతా నవ్వింది.

"నవ్వండి. మొన్న మీ ఐదో బావి మీదే క్రేన్ని సగంలో ఆపేసి, కాంక్రీటు బకెట్టు గాల్లో వదిలేసి, భోజనాల వేళన్నాడు. భోజనాలు అప్పటికే అయిపోయాయి" అన్నాడు ఫణి గారు.

కాసులు నవ్వు ఆగిపోయింది.

మార్చాలంటే అష్టమే. వెనకటి ఊళ్ళల్లో అష్టమి నాడు ఏ పనీ మొదలెట్టేవాళ్ళు కాదట. గట్టు మీద మాకు అదే మంచిరోజు. ఆ వేళ సముద్రానికి ఆవులింత వస్తుంది, పోటు తక్కువ. తూములు కాసేపు ఎవరూ చూడకపోయినా ఫరవాలేదు. ఈ అష్టమి తప్పితే మళ్ళీ బహుళ అష్టమి దాకా ఆగాలి. అప్పటిదాకా మావయ్య ఏం చేస్తాడో మావయ్యకే తెలియదు.

నేను లేచాను. "మనిషి లోపల స్నానం చేస్తుంటే ఎవరైనా ఇల్లు మారతారా అండీ? మా పిల్ల కిందుంది. పైకొచ్చాక మార్చుకోండి. అప్పుడు మీ అల్లుడికి నేనే కాళ్ళు కడుగుతాను."

షెడ్డులో స్పీకరు ఉందని మర్చిపోయాను. అందులోంచి రత్నం గొంతు వచ్చింది.

"నాన్నా, వింటన్నాను."

"నువ్వు పని చూసుకో అమ్మా."

"నేను పైకొచ్చేసరికి అష్టమి దాటిపోద్ది. మళ్ళీ అష్టమికి నా చోట ఇంకోళ్ళ కూతురుంటాది. ఆళ్ళ నాన్న కూడా ఇలాగే లేచి నిలబడతాడు. బావులు ఖాళీగా ఉండే రోజేది నాన్నా? నాకు యంత్రాలు తెలుసు. నేనున్నప్పుడే చేసెయ్యండి."

ఫణి గారు నావైపు చూశాడు. "తాతా, ఏడో బావికి పైమనిషి మీరు. మీరు ఊఁ అంటే తప్ప నేను ముట్టుకోను."

ఊఁ అన్నాను. భయపడి కాదు. ఆ పిల్ల నా పిల్ల అని ఆ షెడ్డులో అందరూ చూస్తున్నారు. ఛాతీ ఇంత అయింది నాకు!

శుద్ధ అష్టమి, సాయంత్రం

మారిపోయింది. అంత గొడవా అంతే! పొద్దున్న ఫణి గారు కొబ్బరికాయ కొట్టాడు. మావయ్య ఊపిరి ఆగింది. గట్టంతా కాసేపు కిమ్మనలేదు. తర్వాత కొత్తల్లుడు మేల్కొన్నాడు. క్రేన్లు కదిలాయి, తూములు కదిలాయి. తిత్తి నిండుగా ఉంది. రత్నం కిందనుంచి ఈల వేసింది.

నా బోర్డు మీద అక్షరాలు వచ్చాయి. "నమస్కారం బుల్లెయ్య గారూ. తమరికి సేవలందించుట నాకు ఆనందదాయకం."

కాసులుకి చదివి వినిపించాను. "అబ్బో, మా పెళ్ళి శుభలేఖ కూడా ఇలా లేదు" అంది.

మావయ్య సామానంతా అల్లుడికి ఎక్కించారట. పాత చిట్టాలు, కొలతలు, మనుషుల పేర్లు అన్నీ. ఏదీ వదల్లేదని ఫణి గారు చెప్పాడు. ఎంత తెలివైన కుర్రాడండీ. ఇలాంటివాళ్ళ చేతుల్లో గట్టు ఉండడం మన అదృష్టం.

శుద్ధ నవమి, సాయంత్రం

వరుసగా రాస్తాను.

మధ్యాహ్నం తిత్తి వాలింది. బోర్డు మీద రాశాను. ఏడో బావి, గాలి నిండుకుంది.

బోర్డు చెప్పింది. "సంతోషం. ఏడో బావి గాలి నిండుగా ఉన్నట్లు నమోదైనది. అదనపు సరఫరా నిలిపివేయబడుచున్నది."

పెద్ద మాటలు. నాకు అర్థమైంది సంతోషం ఒక్కటే. మిషను చప్పుడు ఆగింది. కొత్తవాడు కదా, అలా ఆగి మొదలెడతాడు కాబోలు అనుకున్నాను. తిత్తి ఇంకా వాలింది. మళ్ళీ రాశాను, పెద్ద అక్షరాలతో. నిండుకుంది, నిండుకుంది.

"ధన్యవాదాలు. ఇది ఇదివరకే నమోదైనది."

ఫోను మోగింది. రత్నం.

"నాన్నా, గాలి పల్చబడింది. మిషను ఆగిందేంటి?"

"రాశానమ్మా. రెండుసార్లు రాశాను."

"ఏమని రాశావు?"

"ఏమని రాస్తాను, నిండుకుందని."

రత్నం నవ్వింది. నవ్వుకి ఊపిరి చాల్లేదు, దగ్గొచ్చింది.

"నాన్నా, ఆడు అల్లుడు. మావయ్య కాదు. నిండుకుందంటే నిండుగా ఉందనుకున్నాడు."

నాకు తలలో ఏదో జారింది. మా ఇళ్ళల్లో బియ్యం లేకపోతే నిండుకున్నాయంటాం. ఉప్పు నిండుకుంది, పసుపు నిండుకుంది అంటాం. దీపం ఆరిపోతే కొండెక్కిందంటాం. ఆ చెడు మాట నేరుగా నోట రానివ్వం. అంటే నిజంగా అలాగే అయి కూర్చుంటుందని. ఆ సంగతి మావయ్యకి ఎవరూ నేర్పలేదు, మాతో ఉండి ఉండి తెలుసుకున్నాడు.

గాలి పంపు అని రాశాను. "నిండిన తిత్తిలోనికి గాలి పంపుట ప్రమాదకరము" అంది బోర్డు.

చాలడం లేదని రాశాను. "తమరి అభిప్రాయము పరిశీలించబడును."

ఫణి గారు ఆఫీసు నుంచి లైన్లోకి వచ్చాడు. గొంతు మారిపోయింది. "తాతా, నేను మావయ్యని లేపాలంటే పోటు వచ్చి తీసేదాకా పడుతుంది. అంత టైము లేదు. ఆ బావి గాలికి మీ మాట తప్ప నా మాట అల్లుడు వినడు. అత్యవసరానికి వాడికి నేర్పింది ఒకటే మాట. అయిపోయింది అని రాయండి. రాస్తే అన్నీ ఆపి ఆ బావి చూస్తాడు."

"ఆ మాట రాయనండీ."

"తాతా!"

"నాన్నా," అంది రత్నం, "రాయి."

"ఉప్పుకే అనని మాట నీకంటానా?"

"అను."

"ఇంకేదైనా చెప్పమ్మా. ఎంత పెద్దదైనా రాస్తాను. చేటంత రాస్తాను."

"ఆడికి ఇంకేదీ రాదు నాన్నా." మాటకీ మాటకీ మధ్య ఎడం వస్తోంది. "నేను పోయాకైనా అంటావు కదా. ఆ అనేదేదో ఇప్పుడే అను."

కాసులు నా పక్కకి వచ్చి నిలబడింది. చెయ్యి నా భుజం మీద వేసింది.

రాశాను. గాలి అయిపోయింది.

బోర్డు అడిగింది. "ఎవరికి? పూర్తి పేరు తెలుపగలరు."

"ఏమంటన్నాడు?" అంది రత్నం.

"పేరు అడుగుతున్నాడు."

"చెప్పు మరి. నువ్వే కదా పెట్టావు."

గుత్తుల నూకరత్నానికి గాలి అయిపోయింది. నా చేత్తో రాశాను. అక్షరం తప్పు లేకుండా రాశాను.

మిషను ఒక్కసారిగా అరిచింది. తిత్తి లేచి నిలబడింది. బోర్డు మీద "అత్యవసరము. వ్యక్తిని పైకి తెచ్చుట ప్రారంభమైనది" అని వచ్చింది. అంతలో ఫోను ఆగిపోయింది. పైకి తెచ్చే పెట్టెలో మాట తీగ ఉండదు. కింద యంత్రం చెయ్యి రత్నాన్ని పెట్టెలో పెట్టి తలుపు మూసింది. ఆ సమయానికి రత్నానికి తెలివి ఉందో లేదో ఎవరికీ తెలియదు.

పెట్టెని ఒక్కసారిగా లాగకూడదు. అంత లోతు ఒత్తిడి ఒంట్లోంచి మెల్లగా దిగాలి. మెట్టు మెట్టుకీ ఆగి రావాలి. త్రయోదశికి వస్తుందట.

పెట్టె పైకొచ్చి తలుపు తీసేదాకా లోపల మనిషి ఎలా ఉందో తెలియదు.

శుద్ధ దశమి

తిత్తి నిండుగా ఉంది. పెట్టె వస్తోంది.

కాసులు అన్నం తెచ్చింది. తిన్నాను.

శుద్ధ ఏకాదశి, రాత్రి

ఫణి గారు వచ్చి నా పక్కన గట్టు మీద కూర్చున్నాడు. గడ్డం గీసుకోలేదు.

"తాతా, సామానంతా తెచ్చాం. ఆ మాట ఏ పెట్టెలోనూ లేదు. మావయ్య దాన్ని ఎక్కడా రాసుకోలేదు, మీతో మాట్లాడుతూ అర్థం చేసుకునేవాడంతే" అన్నాడు.

నాకు కోపం రాలేదు. రావాలని చూశాను.

"మీరు చెప్పండి. వెనక్కి తిప్పమంటే ఇప్పుడే తిప్పేస్తాను. మావయ్యని మళ్ళీ లేపుతాను. పై ఆఫీసర్లకి నేను చెప్పుకుంటాను."

"పెట్టె సగంలో ఉంది బాబూ" అన్నాను. "అది పైకొచ్చేదాకా మావా కదలకూడదు, అల్లుడూ కదలకూడదు. ఎవరు మంచివాళ్ళన్నది తర్వాత."

తల ఊపాడు. కాసేపు కూర్చుని వెళ్ళాడు. ఆ అబ్బాయి ఏడుస్తున్నాడని తర్వాత కాసులు చెప్పింది. నేను చూడలేదు. పక్కనే ఉన్నాను.

సాయంత్రం ఐదో బావి తిత్తి వాలింది. కాసులు బోర్డు ముందు చాలాసేపు నిలబడింది. "బుల్లెయ్యన్నా, మొగుడి పేరు పెట్టి ఆ మాట రాయమంటావా?" అంది. రాయమన్నాను. రాసింది. తిత్తి లేచింది, మనిషి బాగానే ఉన్నాడు గనక పైకి లాగకుండా ఫణి గారు ఆఫీసు నుంచి ఆపాడు. కాసులు ముక్కు చీదుకుని, "ఆరిపోని దీపమా, నూరేళ్ళుండు" అని పైనుంచి బావిలోకి అరిచింది. నేనెందుకు అలా అరవలేదో తెలియదు. అరవాలని తోచలేదు.

శుద్ధ ద్వాదశి

బయట గాలి లేదు. సముద్రం నున్నగా ఉంది. టీ కాలింది, నాలుక బొబ్బెక్కిందట. కాసులు చూసి చెప్పింది.

ఆ మాట అన్నాను. అన్నమాట నిజమవుతుందని మా అమ్మ చెప్పేది. అమ్మ చెప్పినవి చాలా నిజమయ్యాయి.

శుద్ధ త్రయోదశి, మధ్యాహ్నం

మొదటి పేజీ రాసేశాను కనక ఇది ఆ తర్వాత సంగతి.

పెట్టె పైకొచ్చినప్పుడు అందరూ ముందుకి వెళ్ళారు. నేను బోర్డు దగ్గరే ఉన్నాను. పైమనిషి చోటు వదలకూడదు. తలుపు తీసిన చప్పుడైంది. మనుషులు రెండు పక్కలకీ జరిగారు, మధ్యలోంచి రత్నం నడిచొచ్చింది. బుగ్గలు లోపలికి పోయాయి. పెదాలు పగిలాయి. ఆకలేస్తంది అంది. గొంతు తనదే.

పెట్టెలోకి యంత్రం ఎత్తినప్పుడు తెలివి లేదట. మొదటి మెట్టు దగ్గర గాలి తగిలి లేచిందట.

"ఏంటి నాన్నా, అలా చూస్తన్నావు? నేనే" అంది.

"ఆఁ" అన్నాను.

"ఏమైనా అను."

కంచంలో అన్నం పెట్టాను. చారు పోశాను. రెండోసారి అడిగితే గిన్నె చూపించి "నిండుకుంది" అన్నాను. అది విని పడీ పడీ నవ్వింది. మెతుకు గొంతుకి అడ్డంపడింది. కాసులు తల మీద తట్టింది. షెడ్డంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వినట్టు నోరు తెరుచుకుంది.

ఫణి గారు రత్నాన్ని అడిగాడు, అల్లుణ్ణి ఉంచాలా తీయాలా అని.

"ఉంచండి. మారిస్తే మళ్ళీ ఎవరో ఒకరు కిందుండగానే మార్చాలి. మా నాన్నని ఆడి దగ్గర కూర్చోబెట్టండి. పొద్దస్తమానం మాట్లాడతానే ఉంటాడు కదా, అన్నీ ఆడే నేర్చుకుంటాడు" అంది.

కూర్చుంటానన్నాను. ఎక్కడ కూర్చోమన్నా కూర్చుంటాను. మహదానందం! మా పిల్ల నిద్రపోతోంది. గురక పెడుతోంది, అచ్చం వాళ్ళమ్మలాగే. ఆ గురక వింటూ రాస్తున్నాను.

ఈ కబురు చెప్పాల్సినవాళ్ళు:

మా ఆవిడ సరస్వతి, రెండో గట్టు. ముందు పైకొచ్చిందని చెప్పాలి, తర్వాతే ఏమైందో చెప్పాలి. వరుస మారిస్తే ఊరుకోదు.

పెద్దమ్మాయి సీతారత్నం. బాలింత. పైకొచ్చిందని మాత్రం చెప్పి ఊరుకోవాలి.

మా చెల్లెలు వెంకాయమ్మ. చెవుడు. ఎదురుగా నిలబడి నవ్వుతూ చెప్పాలి, లేకపోతే ముఖం చూసి ఇంకోలా అనుకుంటుంది.

రత్నం మేనమామ సత్తిరాజు. పందిరి వేయిస్తాడు. వద్దన్నా వేయిస్తాడు. వేయనివ్వండి.

మా అన్నయ్య కొడుకులు ముగ్గురూ. వాళ్ళలో ఒకరికి చెబితే చాలు.

కాసులు మొగుడు పేరయ్య. బంధువు కాడు, ఇవాళ్టి నుంచి బంధువే. ఇంకా కిందున్నాడు. ఫోనులో చెప్పాలి.

గుత్తుల బుల్లెయ్య, రత్నం తండ్రి. ఏడో బావి దగ్గర బోర్డు ముందు కూర్చుని ఉంటాడు. కళ్ళతో చూశాడు, అయినా ఆయనకి ఇంకా తెలియలేదు. ఎవరైనా వెళ్ళి పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పండి.